జోడుకుళాయి వచ్చిన ఏడు

పామర్రు సెంటర్లో నాలుగు రోడ్లు కలుస్తాయి. ఒకటి బెజవాడకి, ఒకటి బందరుకి, ఒకటి కూచిపూడి మీదుగా చల్లపల్లికి, నాలుగోది గుడివాడకి. ఆ గుడివాడ రోడ్డే ముదినేపల్లి, కైకలూరు దాటి ఆకివీడు వైపు సాగిపోతుంది. ఇప్పుడు దాన్ని జాతీయ రహదారి 165 అంటున్నారు. మా చిన్నతనంలో కార్తీకమాసం వెళ్ళేసరికి పిట్టలన్నీ ఆ దిక్కు నుంచే వచ్చేవి. పగలంతా కొల్లేట్లో నిద్రపోయి, చీకటి పడుతుండగా బారులు తీరి మా పొలాల మీద దిగేవి. మా ఇంట్లో తుపాకి ఉండటానికి కారణం ఆ పిట్టలే.

కృష్ణా డెల్టాలో వేట తుపాకి ఏమిటని ఇప్పటి పిల్లలు అడుగుతారు. అడవి లేదు, కొండ లేదు. కనుచూపు మేర వరిచేలు, కాలవ గట్లు, తాడిచెట్లు. నిజమే. అందుకే మా వైపు ఇళ్ళలో రైఫిల్ ఉండేది కాదు. రైఫిల్ గొట్టం లోపల మరలు తిరిగి ఉంటాయి, అందులోంచి తూటా తిరుగుతూ పోయి మైళ్ళ దూరంలో కూడా ప్రాణం తీస్తుంది. చదునైన నేల మీద, ప్రతి గట్టు వెనకా ఒక మనిషి వంగి పని చేసుకుంటున్న చోట అది పనికి రాదు. రైఫిళ్ళు నూజివీడు జమీందార్ల దివాణాల్లో ఉండేవి, వాళ్ళకి అడవులున్నాయి. మాకు కావలసింది నున్నటి గొట్టం, చిన్న సీసపు రవ్వలు. యాభై గజాలు దాటితే ఆ రవ్వలకి బలం చచ్చిపోతుంది. అవతల గట్టు మీదున్న మనిషికి అదే రక్ష.

1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి కాలవలు పారడం మొదలుపెట్టాక ఈ నేలంతా ఏడాదిలో సగం రోజులు నీళ్ళ కిందే ఉండేది. వరి మనకి పండింది, తిండి పిట్టలకి కూడా దొరికింది. చిలువలు ఇక్కడివే, ఈల వేసుకుంటూ ఎగురుతాయి. సూదితోక బాతులు హిమాలయాలు దాటి సైబీరియా నుంచి వస్తాయి. నుదుటి మీద తెల్లటి నామం పెట్టుకున్నట్టుండే నామాలకోళ్ళు, బురదలో ముక్కు గుచ్చే ఉల్లంకి పిట్టలు, కోసిన చేలల్లో పూరేళ్ళు. మా ఇంట్లో బాతు జాతుల్ని అన్నిటినీ కలిపి పరజలు అనేవాళ్ళు. ఒక గుంపు ఒక రాత్రి ఆకుమడిలో దిగితే తెల్లారేసరికి మొలక మిగిలేది కాదు. కిరసనాయిలు డబ్బాలు వాయించడం, మంచె మీద కూర్చుని కేకలేయడం, అన్నీ చేసేవాళ్ళు. ఏవీ సాగకపోతే తాతయ్య తుపాకి తీసేవాడు. ఆయన లైసెన్సు కూడా పంట కాపలాకి ఇచ్చిందే.

తాతయ్యది టోపీ తుపాకి. ఒకటే గొట్టం, చాలా పొడుగు. వెనక తెరిచి తోటా పెట్టే ఏర్పాటు లేదు, అంతా మూతి నుంచే. ముందు తుపాకిమందు కొలిచి పొయ్యాలి. దాని మీద కొబ్బరిపీచు ఉండ చేసి కుక్కాలి. ఆ పైన సీసపు రవ్వలు, మళ్ళీ పీచు. ఇనపకడ్డీ దింపి దట్టించాలి. కడ్డీ వదిలితే పైకి ఎగిరి చేతిలోకి రావాలి, అప్పుడు మందు సరిగ్గా కూరుకున్నట్టు. చివర గుర్రం వెనక్కి లాగి, దాని కింద ఉన్న ముక్కుకి రాగి టోపీ తొడగాలి. మీట నొక్కితే గుర్రం టోపీ మీద పడుతుంది, నిప్పు సన్నటి రంధ్రంలోంచి పోయి మందుకి అంటుకుంటుంది. ఈ పనంతా చీకట్లో, మోకాలి లోతు బురదలో నిలబడి, మందుకి ఒక్క చుక్క తడి తగలకుండా చెయ్యాలి. మంచు పడే రాత్రుల్లో టోపీ టప్పుమని ఊరుకునేది. అంతసేపు పడ్డ పాటూ పోయేది, పిట్టలూ పోయేవి.

ఒక్క దెబ్బ. రెండోసారి కూరుకునేసరికి ఆ గుంపు నిమ్మకూరు దాటిపోయేది. అందుకని తాతయ్య తొందరపడి ఎప్పుడూ కాల్చలేదు. పిట్ట ఎక్కడ దిగుతుందో ముందే తెలుసుకుని, అది రాకముందే అక్కడ కూర్చోవాలి. గాలి ఎటు నుంచి ఉందో, ఏ చేలో గింజ ఎక్కువ రాలిందో, ఏ మడుగులో నీరు జానెడే ఉందో, వెన్నెల ఎప్పుడు వస్తుందో ఆయన లెక్కలో ఉండేది. పరజలు గాలికి ఎదురుగా దిగుతాయి గనక గాలివాటున కూర్చోవాలనేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నప్పుడు మాట్లాడనిచ్చేవాడు కాదు. చిలువలైతే ఈల ముందు వినబడుతుంది. సూదితోకలు గొంతు విప్పవు, తల మీదికి వచ్చాక రెక్కల సుయ్యిమనే చప్పుడే గుర్తు. చూడకుండానే చెప్పేవాడు, ఏ జాతో, ఎన్నో. నేల మీద దిగి దగ్గరికి చేరేదాకా ఆగి, గుంపు మీద ఒక్కసారి కాల్చేవాడు. పడ్డవాటిని లెక్కపెట్టి అన్నీ ఏరుకుని వచ్చేవాడు. ఒకటి దెబ్బ తిని గట్టు పక్కకి పాకిందంటే లాంతరు పట్టుకుని అది దొరికేదాకా వెతికేవాడు.

ఇంటికొచ్చాక కూడా పని అయిపోయేది కాదు. తుపాకిమందు మసి తేమని పీల్చుకుని ఇనుముని తినేస్తుంది. ఎంత రాత్రయినా నాయనమ్మ నీళ్ళు మరగబెట్టేది. తాతయ్య ఆ మరిగే నీళ్ళు గొట్టంలో పోసి కడిగేవాడు. ఆ వేడికి గొట్టం దానంతటదే ఆరిపోయేది. తర్వాత కడ్డీకి గుడ్డ చుట్టి కొబ్బరినూనె పట్టించేవాడు. పరజల కూర ఇంట్లో పొయ్యి మీద వండటానికి నాయనమ్మ ఒప్పుకునేది కాదు, నీచు వాసనని. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద, చింతపండు పులుసు, అల్లం గట్టిగా వేసి పెట్టేది. కనుమనాడు మినపగారెల్లోకి అదే కూర. తినేటప్పుడు పంటికింద సీసపు రవ్వ తగిలేది. తీసి కంచం అంచున పెట్టేవాళ్ళం. వాటిని కూడా తాతయ్య కడిగి దాచుకునేవాడు, మళ్ళీ పనికొస్తాయని.

కొత్త తుపాకి పెదనాన్నది, రెండు గొట్టాల జోడుకుళాయి. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేశాక జమీందారీ ఇళ్ళలో ఖర్చులు తగ్గించుకోవలసి వచ్చింది. కార్లు, గుర్రాలు, తుపాకులు ఒక్కొక్కటే చేతులు మారాయి. కొన్నవాళ్ళు ఎక్కువగా కాలవ కింద పొలాలతో పైకొచ్చిన మావంటి రైతులే. అంతకు పదేళ్ళ ముందు దివాణం గుమ్మం ముందు చెప్పులు విడిచి నిలబడ్డవాళ్ళు ఇప్పుడు దివాణం తుపాకి కొనుక్కున్నారు. పెదనాన్నకి ఆ జోడుకుళాయి ఎందుకంత ముద్దో నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. అది పిట్టల కోసం కొన్నది కాదు. మనమూ నిలబడ్డాం అని చెప్పుకోవడానికి కొన్నది. ఆ ఏడు దసరాకి నాగలి పక్కన, కొడవళ్ళ పక్కన దానికి పసుపూ కుంకుమా పెట్టి పూజ చేశారు. ఊళ్ళోవాళ్ళు చూడటానికి వచ్చారు.

అది బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీవాళ్ళు చేసింది, 12 బోరు. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌను తూగుతాయి గనక దానికా లెక్క. నడుం దగ్గర మడిస్తే రెండు గొట్టాలు తెరుచుకునేవి. రెండు తోటాలు పెట్టి మూస్తే గడియ పడ్డ చప్పుడు. మడమ వాల్‌నట్ చెక్క, మీద సన్నటి చెక్కుడు పని. గుర్రాలు బయటికి కనిపించవు, లోపలే. పొగ లేదు, పీచు లేదు, మరిగే నీళ్ళ అవసరం లేదు. ఇంగ్లండు ఈలీ తోటాలు మొదట్లో దొరికేవి, తర్వాత పూనా దగ్గర కిర్కీ ఫ్యాక్టరీవి. పరజలకి నాలుగో నంబరు, ఆరో నంబరు, ఉల్లంకికి ఎనిమిది, లంకల్లో చెరుకుతోటల్లోకి పందులొస్తే ఎల్జీ, ఎస్జీ. ఈ పేర్లన్నీ మాకు ఎక్కాల్లాగా నోటికి వచ్చేవి. తోటాల డొక్కు అట్టకాగితంది. మన తేమకి అది ఉబ్బిపోయి గొట్టంలో పట్టకుండా పోయేది, అందుకని గట్టి మూత ఉన్న బిస్కెట్ల డబ్బాలో దాచేవాళ్ళు. కాల్చేసిన డొక్కులు మా పిల్లల వాటా. కొత్తగా కాలిన మందు వాసన వాటిలో రెండు రోజులుండేది.

1959లో చేసిన ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు ఉన్నది 1878 నాటి తెల్లదొరల చట్టం. కొత్త నిబంధనల్లో పంట కాపలా తుపాకికి ఒక ఫారం, వేటకీ ఆత్మరక్షణకీ ఇంకో ఫారం. పెదనాన్న బందరు కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఒక చిన్న పుస్తకం, అందులో తుపాకి నంబరు, ఏడాదికి ఎన్ని తోటాలు కొనచ్చో ఆ లెక్క. బెజవాడ షాపువాడు అమ్మిన ప్రతిసారీ అందులో రాసి ముద్ర వేసేవాడు.

రెండు తుపాకులూ ఇంట్లో ఉంచుకోవచ్చు, అడ్డం లేదు. తాతయ్యే వద్దన్నాడు. ‘‘ఒక ఒరలో రెండు కత్తులు దేనికిరా? నాకు కళ్ళు ఆనడం లేదు. మందు కూరే ఓపిక నీకు లేదు,’’ అన్నాడు. తుపాకిని చివరిసారి కడిగి నూనె పట్టించి, దుప్పటిలో చుట్టి, తనే తీసుకెళ్ళి స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకున్నాడు. కడ్డీ ఒకటి అటక మీద ఉండిపోయింది. కొమ్మలు వంచి జామకాయలు కోయడానికి చాలాకాలం వాడాం.

జోడుకుళాయి వచ్చాక వేటే మారిపోయింది. దాన్ని చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను. పెదనాన్న పంట కోసం కూర్చోలేదు. గుడివాడ నుంచి స్నేహితులు జీపులో వచ్చేవారు. ఆదివారాలు కైకలూరు దాకా పోయి, అక్కడ తాటిదోనెలు మాట్లాడుకుని కొల్లేట్లోకి వెళ్ళేవాళ్ళు. దోనె నడిపే వడ్డీ కులంవాళ్ళకి నీటి లోతు అంగుళం అంగుళం తెలుసు. వాళ్ళు తుంగలోంచి చప్పుడు కాకుండా తీసుకెళ్ళేవారు. దొరల పద్ధతి ప్రకారం కూర్చున్న పిట్టని కాల్చడం నామోషీ, ఎగిరేదాన్నే కొట్టాలి. పెదనాన్న గురి మంచిదే. కుడి గొట్టంతో ఒకటి, ఎడమ గొట్టంతో ఇంకొకటి, మళ్ళీ మడిచి రెండు తోటాలు. పిట్టలు తేరుకునే లోపల నాలుగు దెబ్బలు. ఎగిరే గుంపులోకి పోయిన రవ్వలు కొన్నిటిని పడేసేవి, ఇంకొన్నిటికి రెక్కలోనో కడుపులోనో తగిలి అవి దూరంగా తుంగలో పడేవి. కొల్లేటి తుంగలో పడ్డ పిట్టని ఎవరు వెతుకుతారు? జీపు వెనక కట్టలు కట్టి తెచ్చినవి ఊళ్ళో అందరికీ పంచేవాళ్ళు. అందులో దొరకనివి లేవు గదా, వాటి లెక్క ఎవరికీ లేదు.

తాతయ్యకి ఉంది. అరుగు మీద కూర్చుని, తెచ్చిన పిట్టలు చూసి, ‘‘ఎన్ని తోటాలు కాల్చారు?’’ అని మొదట అడిగేవాడు. పెదనాన్న చెప్పేవాడు. ఆయన మనసులో లెక్క వేసుకుని, ‘‘తెచ్చినవి తింటాం, బాగానే ఉంది. తీసుకురానివాటి సంగతేమిటిరా అబ్బాయి?’’ అనేవాడు. పెదనాన్న జవాబు చెప్పేవాడు కాదు. పెద్దవాళ్ళ మధ్య గొడవ అవలేదు, ఎవరూ గొంతు పెంచలేదు. కానీ ఆ తర్వాత తాతయ్య పరజల కూర ముట్టలేదు. నాయనమ్మ ఆయనకి విడిగా పప్పు పెట్టేది.

నాకిద్దరూ ఇష్టమే, ఇద్దరి పక్కనా కూర్చున్నాను. అయినా నా మాట నేను చెప్పాలి. పాత తుపాకి చేతకానిది కాబట్టి అది పట్టుకున్నవాడు పిట్టని తెలుసుకోక తప్పలేదు. కొత్తది అన్నీ చేసిపెట్టింది, తెలుసుకునే అవసరం తీరిపోయింది. మా ఇంట్లో పిట్టల సంగతి తెలిసినవాళ్ళు తాతయ్యతో ఆఖరు.

ఆ రోజుల్లోనే కొల్లేటికి తుపాకి లేకుండా వచ్చినవాళ్ళూ ఉన్నారు. కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పక్షిప్రేమికుడు పశ్చిమగోదావరి ఆరేడులో గూడబాతులు చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచడం గమనించి, 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశాడు. ఆ ఊరివాళ్ళు తమ చెట్ల మీది గూడబాతుల జోలికి పోలేదు. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో కొట్టిన ఒక పిచ్చుక ఏ జాతో తెలుసుకోవడానికే ఆ సొసైటీ గుమ్మం ఎక్కాడు. తన ఆత్మకథకి ఆ పిచ్చుక పేరే పెట్టుకున్నాడు. తుపాకి చేత్తో పట్టుకున్నవాళ్ళలో కొందరికి దాని వల్లే కళ్ళు తెరుచుకున్నాయి. తాతయ్యకి చదువుంటే, చేతికి ఒక దూరదర్శిని దొరికి ఉంటే అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో చిన్న వేటకి లైసెన్సు ఇచ్చే వీలు అందులో ఉండేది. 1991 సవరణతో అదీ పోయింది. చట్టం సరైనదే, ఇంకా ముందే రావలసింది. పెదనాన్న అప్పటికే కొల్లేటికి వెళ్ళడం మానేశాడు, పిట్టలు తగ్గాయని. తగ్గడానికి తుపాకులే కారణమైతే తుపాకులు ఆగాక మళ్ళీ పెరగాలి కదా? పెరగలేదు, ఎందుకంటే దిగడానికి చోటు లేదు. 1970ల చివర కొల్లేట్లో చేపల చెరువులు మొదలై, 80ల్లో గట్టు మీద గట్టు లేచింది. మా వైపు పల్లపు చేలు కూడా చెరువులైపోయాయి. ఆ చెరువులు నిలువు లోతు. చిలువకీ సూదితోకకీ కావలసింది జానెడు నీరు, అడుగున గడ్డి, గింజ. తాతయ్య కూర్చున్న మడుగులు ఇప్పుడు గట్టు మీద దీపాలు పెట్టిన చేపల చెరువులు. చేలల్లో పురుగుమందు సంగతి వేరే చెప్పాలా? 1999లో కొల్లేరుని 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో చెరువు గట్లు కొన్ని పగలగొట్టారు. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతులు ఇప్పటికీ గూళ్ళు కడుతున్నాయి. వెళ్ళి చూడండి, పిల్లల్ని తీసుకెళ్ళండి.

ఇంకో సంగతి మాకు అప్పట్లో తెలియదు. నీళ్ళలో పడ్డ సీసపు రవ్వల్ని బాతులు గులకరాళ్ళనుకుని మింగుతాయి. తిండిని నూరుకోవడానికి వాటి కడుపులో రాళ్ళు ఉండాలి మరి. ఆ సీసం కరిగి విషమై, తుపాకి దెబ్బ తగలని పిట్ట కూడా చచ్చిపోతుంది. అమెరికాలో 1991 నుంచి నీటిపక్షుల వేటలో సీసపు రవ్వలు పూర్తిగా నిషేధించారు. యూరోపియన్ యూనియన్‌లో చిత్తడి నేలల దగ్గర 2023 నుంచి నిషేధం. మనం కొల్లేటి బురదలో వదిలిన సీసాన్ని ఏరినవాళ్ళు లేరు. కంచం అంచున రవ్వలు ఏరి దాచుకున్న తాతయ్య గుర్తొస్తాడు, ఆయన పొదుపు కోసం చేసినా సరే.

జోడుకుళాయి ఇప్పుడు పెదనాన్న కొడుకు పేర ఉంది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ స్టేషన్లో అప్పగించి, అయ్యాక తెచ్చుకోవాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు ఐదేళ్ళకోసారి తిరగరాయించుకోవాలి, అంతకు ముందు మూడేళ్ళు. అది పేలి చాలా ఏళ్ళయింది. అన్నయ్య ఈసారి దాన్ని సర్కారుకే అప్పగిద్దామా అని ఫోను చేశాడు. అప్పగించెయ్యి అన్నాను. మంచి చెక్క, మంచి పనితనం, నాన్న వస్తువు అన్నాడు. అవన్నీ నిజమే, అయినా అప్పగించెయ్యమనే చెప్పాను.

దానికి బదులు ఇంకో పని పెట్టాను. అన్నయ్య నాకంటే పెద్దవాడు, తాతయ్యతో ఎక్కువ రాత్రులు చేలల్లో కూర్చున్నవాడు. ఏ మడుగు ఎక్కడుండేది, దానికి ఊళ్ళో ఏ పేరు, ఏ నెలలో ఎంత నీరు నిలిచేది, ఏ పిట్ట ఎటు నుంచి దిగేది, అన్నీ గుర్తున్నంతవరకు చెప్పమన్నాను. గ్రామ పటం ఒకటి సంపాదించాను. మా పొలాల సర్వే నంబర్లు అందులో ఉన్నాయి. సంక్రాంతికి ఆయన పామర్రు వస్తున్నాడు. పటం మీద మడుగులు ఒక్కొక్కటే గీయించి, పక్కన పిట్టల పేర్లు రాయించాలి. ఆటపాకలో పక్షుల్ని లెక్కపెట్టేవాళ్ళకి ఒక నకలు ఇస్తాను.